ఆరు స్పీకర్ల రోడ్డు

మేడ మీది గది
ఆదివారం ఉదయం

చిన్నోడికి,

పెద్దక్క ఆశీస్సులు.

కళ్ల డాక్టరు ఆఖరి మాట చెప్పేశారు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది ఎన్నాళ్లుంటే అన్నాళ్లు. ఇప్పుడు నాకు కనపడేది గొట్టంలోంచి చూసినంత. ఎదురుగా ఉన్న మనిషి ముఖం తెలుస్తుంది, పక్కన ఎవరు నిలబడ్డారో తెలియదు.

కింది వాటాలో ఉండే నర్సమ్మ రోజూ నా చెయ్యి పట్టుకుని కూడలి దాటించి ఆసుపత్రి గేటు దగ్గర వదులుతోంది. ఆమెకు బదిలీ అయింది. వచ్చే నెలాఖరుకు వెళ్లిపోతుంది. తర్వాత ఆ నాలుగు రోడ్లు నేనే దాటాలి. లేదంటే ఆసుపత్రి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో నా కుర్చీ వదులుకోవాలి. కూడలిలో సిగ్నల్ స్తంభం ఉంది గాని వెలగదు.

కుర్చీ వదులుకోను.

చూపు తగ్గినవాళ్లకు కర్రతో నడక నేర్పే కేంద్రంలో చేరాను. మా టీచరు పొడుగ్గా ఉంటుందని గొంతు వచ్చే ఎత్తును బట్టి తెలిసింది. అందరూ ఆమెను కర్ర టీచర్ అంటారు, ఆమె ఎదుటే. ఆమె నాకొక డిస్కు ఇచ్చింది. అందులో పాటలు లేవు, రోడ్లున్నాయి. కూడళ్ల మూలల్లో నిలబడి చుట్టూ ఉన్న చప్పుడంతా రికార్డు చేశారు. గది మధ్యలో కర్ర పట్టుకుని నిలబడి వినాలి. రోడ్డు ఖాళీ అయింది అనుకున్నప్పుడు కర్ర ఎత్తాలి. మీ బావగారు ఉన్న రోజుల్లో సినిమాల కోసం నీ చేత పెట్టించుకున్న ఆరు స్పీకర్లు ఇన్నాళ్లకు నాకు పనికొచ్చాయి.

ప్లేయరు ముసలిదైపోయింది. బస్సు వచ్చే చోట ఆగిపోతుంది. డిస్కు కూడా కేంద్రానికి తిరిగి ఇవ్వాలి, ఇంకా నలుగురు కాచుకుని ఉన్నారు. నీ డిస్కుల కొట్టులో నాకు కాపీ తీసి పెట్టు. కేంద్రం సొంత డిస్కే, అనుమతి ఇచ్చారు. టీచరు ఒక మాట చెప్పింది: చప్పుడు ఉన్నది ఉన్నట్టుగా రావాలట. దాని అర్థం నీకే తెలియాలి.

ఫోన్ చేయకు. రోజంతా ఫోన్లే నాకు. నీ ఉత్తరాలు కంప్యూటర్ చదివి వినిపిస్తుంది. కాస్త ముక్కుతో మాట్లాడుతుంది గాని మర్యాదస్తురాలు, మధ్యలో అడ్డురాదు.

ఉంటాను.
పెద్దక్క


కొట్టు
గురువారం

పెద్దక్కా,

ముందు పోట్లాట, తర్వాత పని.

యాభై దాటాక రోడ్డు దాటడం నేర్చుకోవడమేమిటి? మా ఇంట్లో ముందు గది ఖాళీగా ఉంది. మా వీధిలో బండి వస్తే పిల్లలు బయటికొచ్చి చూస్తారు, అంత ప్రశాంతం. నువ్వు చేసిన ఉద్యోగం చాలు. ఎవరి ఫోను ఎవరికి కలిపితేనేం, వాళ్లు ఎలాగూ పోట్లాడుకుంటారు.

నీ మరదలు నా భుజం మీదుగా ఇది చదివి, "రెండు కళ్లూ ఉన్న మీరు మొన్న ఆగి ఉన్న సైకిల్ని గుద్దుకున్నారు. వదినకు మీరా చెప్పేది?" అంటోంది. సైకిల్ నలుపు, నేల నలుపు. నా తప్పు లేదు.

ఇక పని. డిస్కు అందింది. అందులో అదే రోడ్డు రెండు రకాలుగా ఉంది. ఒకటి పూర్తి ధ్వని, లాస్‌లెస్ అంటారు. రెండోది చిన్న ప్లేయర్ల కోసం కుదించి పెట్టింది. తేడా ఏమిటంటే, పూర్తి ధ్వనిని దుప్పటి మడతపెట్టినట్టు మడతపెడతారు. విప్పితే అంగుళం తగ్గకుండా అదే దుప్పటి. కుదించేదానిలో పెట్టెలో పట్టడం లేదని అంచులు కత్తిరించేస్తారు. కప్పుకున్నవాడికి తెలియదులే అని వాళ్ల ధైర్యం. పెద్ద చప్పుడు వెనక నక్కిన చిన్న చప్పుళ్లు ముందు పోతాయి.

నీకు పూర్తిదే తీశాను. డిస్కులో ఉన్నదీ కాపీలో ఉన్నదీ అక్షరం అక్షరం పోల్చి చూసుకున్నాను, పొల్లు పోలేదు. అరచేతిలో పట్టే ప్లేయరు పెట్టెలో ఎక్కించాను. ఒకే మీట నొక్కాలి. వేలికి తెలిసేలా దాని మీద చొక్కా గుండీ అతికించాను. నీ మరదలు గుండీ లేని చొక్కా చూసి అడిగింది, చెప్పలేదు. ఇప్పుడు నీకు రాస్తున్నప్పుడు చదివేసింది.

డిస్కు కేంద్రానికి పంపేశాను.

వచ్చెయ్ అక్కా. నిజంగానే చెప్తున్నా.

నీ
చిన్నోడు


మేడ మీది గది
మంగళవారం

చిన్నోడికి,

పెట్టె అందింది. గుండీ బాగుంది.

ముందు వైపు అంతా ఉంది. బండి ఎదురుగా వస్తుంది, చెవి పక్కకు వస్తుంది, అక్కడితో లేదు. బావిలో పడ్డట్టు పోతుంది. నా వెనక ప్రపంచం లేదు. వెనక ఎడమ స్పీకర్ మీద అరచెయ్యి పెట్టి చూశాను, వణకడం లేదు. కుడిదీ అంతే.

నర్సమ్మ చూసి తీగలు సరిగానే ఉన్నాయంది.

ఏం చేయాలో చెప్పు. ఆమె సామాను సర్దడం మొదలుపెట్టింది.

పెద్దక్క


కొట్టు
శుక్రవారం

పెద్దక్కా,

నీ ఉత్తరం చదివాను. నీ వెనక ప్రపంచం లేదని అంత మామూలుగా ఎలా రాస్తావు?

తప్పు తీగలది కాదు, స్పీకర్లది కాదు. ఆ పెట్టె తనను టీవీకి తగిలించారనుకుంటోంది. టీవీకి రెండే స్పీకర్లు కదా, ఆరింటినీ రెండింటిలోకి కలిపి పంపుతోంది. దానికి తెలివి ఎక్కువ, అదే దాని జబ్బు. నర్సమ్మను పెట్టె సెట్టింగుల్లోకి వెళ్లమను. ధ్వని అని ఉన్న చోట "రెండు స్పీకర్లు" అని ఉంటుంది. అది తీసేసి "మార్చకుండా పంపు" అన్నది పెట్టమను. ఇక అది దేనిలోనూ వేలు పెట్టదు, ఉన్నది ఉన్నట్టు యాంప్లిఫయర్‌కి అప్పజెబుతుంది.

ఇక్కడ నా బుర్ర పనిచేయడం లేదు. నిన్న ఒకాయనకు సినిమా డిస్కు కాపీ తీసిచ్చాను. సాయంత్రానికి తిరిగొచ్చాడు. "ఏమండీ, హీరోయిన్ ఏడుస్తుంటే ఎవడో మగాడు 'ఈ సీను తీసేటప్పుడు భలే వాన పడిందండీ' అంటున్నాడేంటి?" అని. మాటల ట్రాకు బదులు దర్శకుడు ముచ్చట్లు చెప్పే ట్రాకు ఎక్కించాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా చేయలేదు. కూర్చుంటే కూడలి, నిలబడితే కూడలి. టీ తాగుతుంటే నువ్వు కర్ర పట్టుకుని రోడ్డు మీదికి దిగుతున్నట్టుంటుంది. మనం చిన్నప్పుడు ఎక్కడికెళ్లినా దాటించింది నువ్వు. నీ చెయ్యి వదిలితే వీపు మీద ఒకటి పడేది. ఇప్పుడు నీ వీపు మీద ఒకటి వెయ్యడానికి నేను అక్కడ లేను.

ఈ కూడలి సంగతి చిన్నక్కకు చెప్పకు. చెప్పావంటే ఇద్దరికీ వాత పెడుతుంది.

చిన్నోడు


ఎక్స్‌ఛేంజి గది, మధ్యాహ్నం విరామం
బుధవారం

చిన్నోడికి,

వెనక వైపు వచ్చింది. ఇప్పుడు బండ్లు నన్ను దాటి వెళ్తున్నాయి.

నిన్న కర్ర టీచర్ ఇంటికొచ్చి గది మధ్యలో నిలబడి వింది. మూడో పాఠం రెండుసార్లు పెట్టించింది. తర్వాత అంది: "మీ తమ్ముడు మంచి పనివాడే కావచ్చు. కానీ ఇది మా రోడ్డు కాదండీ."

మూడో పాఠంలో బస్సు వెళ్తుంది. బస్సు వెనకే ఒక సైకిలు ఉంటుంది. గొలుసు టిక్కుటిక్కుమంటుంది. ఆ పాఠం పెట్టిందే ఆ సైకిలు కోసమట. బస్సు వెళ్లిపోయిందని అడుగు వేసేవాళ్లు ఆ సైకిలు కిందే పడతారట. నీ కాపీలో బస్సు ఉంది, సైకిలు లేదు. నేను వారం రోజులుగా ఆ పాఠంలో హాయిగా కర్ర ఎత్తుతున్నాను.

నువ్వు పూర్తిది తీశానన్నావు. నీ మాట నమ్ముతాను. అయితే సైకిలు ఎక్కడికి పోయింది?

పెద్దక్క


కొట్టు
శనివారం

పెద్దక్కా,

దొరికింది. సైకిల్ని తిన్నది బావగారి యాంప్లిఫయర్!

ఈ పూర్తి ధ్వనిలో ఒక కిటుకుంది. మడతల నడిమధ్యలో కుదించిన ముక్క కూడా దాచి పెడతారు, పాత యంత్రాలు మూగబోకుండా ఉండటానికి. కొత్త యాంప్లిఫయర్ మొత్తం విప్పుతుంది. పాతదానికి విప్పడం రాదు. నడిమి ముక్క ఒక్కటే తీసుకుని మిగతాది కిటికీలోంచి పారేస్తుంది. పారేశానని ఎవరికీ చెప్పదు కూడా. ఆరు స్పీకర్లూ మోగుతుంటాయి, అంతా బాగుందనుకుంటాం. నేను ఇక్కడ కొత్త దానిలో విని పంపాను, నీ ఇంట్లో ఏముందో ఆలోచించలేదు. బుద్ధి లేదు నాకు.

మందు సులువే. ఇక్కడే మడతలన్నీ విప్పేసి, ఆరు చప్పుళ్లూ విడివిడిగా పచ్చిగా పెట్టెలో పెట్టాను. ఇప్పుడు యాంప్లిఫయర్ విప్పాల్సింది ఏమీ లేదు, వచ్చింది వచ్చినట్టు స్పీకర్లకు ఇచ్చేయడమే. ఫైలు చాలా లావైంది, పెట్టె కూడా మార్చాను. గుండీ మళ్లీ అతికించాను. ఈసారి నీ మరదలే ఇచ్చింది, పాత కోటుది, పెద్దది.

సైకిలు గొలుసు బాగా వినపడుతుంది చూడు. గొలుసేం ఖర్మ, దూరంగా మలుపు తిరిగే బండి కూడా వినపడుతుంది. మూడు రోజులు కొట్టు సగం మూసి దీని మీదే కూర్చున్నాను. ఇక నీకు తెలియకుండా ఒక్క బండి కూడా రాదు.

చిన్నోడు


మేడ మీది గది
గురువారం

చిన్నోడికి,

సైకిలు వచ్చింది. చాలా స్పష్టంగా ఉంది. ఎక్కడెక్కడి బండ్లూ ముందే చెప్పి వస్తున్నట్టున్నాయి.

అన్ని పాఠాల్లోనూ కర్ర సరిగ్గానే ఎత్తుతున్నాను. గదిలో నర్సమ్మ కళ్లకు కనపడే రోడ్డు లేదు గదా, కేంద్రం కాగితం మీద ఇచ్చిన జవాబులు చూసి చెబుతుంది. "అక్కా, మీరు నాకంటే బాగా దాటుతున్నారు" అంది.

సోమవారం నుంచి నిజం రోడ్డు. టీచరు నా వెనక నాలుగడుగుల దూరంలో ఉంటుంది. చెయ్యి పట్టుకోదు, మాట్లాడదు.

పొద్దున ప్రార్థనలో నీ పేరు కూడా చెప్పాను.

పెద్దక్క


కొట్టు
శనివారం

పెద్దక్కా,

మంచిదే. చాలా మంచిదే.

నాలుగడుగులు ఎందుకు? రెండు చాలవా? ఆవిడ చేతులు పొడుగేనా? ఎత్తు సంగతి రాశావు గాని చేతుల సంగతి రాయలేదు.

సోమవారం కొట్టు తీయను. ఊరికే కూర్చుంటాను. అదే రోజు రాయి.

చిన్నోడు


మేడ మీది గది
గురువారం

చిన్నోడికి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. కుడి చేతికి కట్టు ఉంది, ఎడమ చేతితో టైపు కొడుతున్నాను.

ఇంట్లో ఒక్క తప్పు లేదు. రోడ్డు మీద మొదటిరోజే మూడు తప్పులు. రెండిటికి టీచరు వెనక నుంచి పమిట పట్టి లాగింది. మూడోదానికి ఆమె చెయ్యి అందేలోపు స్కూటర్ అద్దం నా మణికట్టుకు తగిలింది. కర్ర వంగింది. ఎముకకేం కాలేదు. స్కూటరు అబ్బాయి నాకంటే ఎక్కువ భయపడ్డాడు, అతన్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చాం.

తప్పు ఎక్కడుందో రెండు రోజులు ఆలోచించాను. ఇంట్లో బండి ఎంత గట్టిగా వినపడితే ఇంకా దూరంలో ఉందని నేర్చుకున్నానో, రోడ్డు మీద అంత గట్టిగా వినపడేసరికి అది నా పక్కనే ఉంది. ఇంటి రోడ్డు వేరు, బయటి రోడ్డు వేరు.

టీచరు అడిగింది: "మీ తమ్ముడు చప్పుడుకి ఏమైనా చేశాడా?"

వాడు చేయడన్నాను.

ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. చేశావా?

పెద్దక్క


కొట్టు
శనివారం

పెద్దక్కా,

చేశాను.

రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. ఇంకెలా చెప్పినా అదే మాట.

మడతలన్నీ విప్పాక ఒకసారి విన్నాను. దూరపు బండి ఎంత సన్నగా ఉందో! ఈగ మూలిగినట్టు. నేను చెవి రిక్కించి వింటే దొరికింది. ఇంత సన్నటి దారప్పోగు పట్టుకుని మా అక్క రోడ్డు దాటాలా అనిపించింది. ఊరుకోలేకపోయాను. సన్నగా ఉన్నవన్నీ పైకెత్తాను. పెద్దవి కాస్త తొక్కాను, చిన్నవాటిని కప్పెయ్యకుండా. సినిమాలకు అందరూ అడిగి చేయించుకునే పనే, మాటలు వినపడటం లేదంటారు కదా, అదే. ఒక్కో బండీ మా అక్క దగ్గరికి వచ్చే ముందు తలుపు తట్టి రావాలనుకున్నాను.

బయటి బండ్లకు ఆ సంగతి ఎవరు చెప్తారు!

మా కొట్టు బోర్డు నువ్వు చూడలేదు. "ఏదీ తీయం, ఏదీ కలపం" అని పెద్ద అక్షరాలతో రాయించాను. ముక్కూ మొహం తెలియని వాళ్ల పెళ్లి డిస్కుల్లో పక్కింటి కుక్క మొరుగుతున్నా అలాగే ఉంచి ఇస్తాను. ఆ కుక్క కూడా వాళ్లదే అంటాను. నీ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగలేదు. నీ మణికట్టుకు తగిలింది ఆ స్కూటరు అద్దం కాదు, నేనే.

నీ మరదలు చదివి, కాగితం నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. తిడితే బాగుండేది.

అసలు కాపీ, వేలు పెట్టనిది, ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. అది కేంద్రం డిస్కులో ఉన్నదే. కానీ అక్కా, కాళ్లు పట్టుకుంటాను, ఇక ఆ రోడ్డు మీదికి వెళ్లకు. సన్నగా వినపడేదాన్ని నమ్ముకుని బతకడం నావల్ల కాదు. నీ వల్ల అవుతుందేమో, నా వల్ల కాదు. పై ఆదివారం బండి మాట్లాడుకుని వస్తాను. నీ సామానంతా ఒక్క బండిలో పట్టేస్తుంది.

చిన్నోడు


మేడ మీది గది
మంగళవారం

చిన్నోడికి,

బండి వద్దు.

కోపం లేదు. వచ్చింది. ప్రార్థనకు కూర్చున్నాను, అది కూడా నా పక్కనే కూర్చుంది. మర్నాడు కూడా కూర్చుంది. తర్వాత లేచి పోయింది. అబద్ధం చెప్పనందుకు సంతోషం. టీచరుకు నిజం చెప్పాను. "అక్కమీద ప్రేమ ఉన్నవాళ్లతో ఇదే చావండీ" అంది. నవ్వింది కూడా.

ఉద్యోగం సంగతి ఒకసారి చెబుతాను, మళ్లీ అడగకు. మొన్న ఒకామె ఫోన్ చేసింది. భర్తను తెచ్చారట, ఏ వార్డో తెలియదు, ఆయన పేరు కూడా నోట రావడం లేదు. నేను తొందరపెట్టలేదు. ఆమె ఏడుపు మధ్యలో ఊరి పేరు దొరికింది, వయసు దొరికింది. మూడో ప్రయత్నంలో ఆయన మంచం పక్కన ఉన్న నర్సుతోనే మాట్లాడించాను. చూపున్నవాళ్లూ చేయగలరు ఆ పని. కానీ ఆ పూట చేసింది నేను. మీ ఇంట్లో నాకు కుర్చీ వేస్తారు, తెలుసు. ఇక్కడ నాకు పని ఉంది.

నువ్వు పంపిన అసలుది పెట్టాను. మొదటిరోజు ఏమీ వినపడలేదు. గది ఖాళీగా ఉన్నట్టుంది. భయం వేసింది, దాచను. పెద్ద అక్షరాలకు అలవాటుపడ్డ కంటికి చిన్న అక్షరాలు పెట్టినట్టు. రెండో రోజు కిటికీలు మూసి, ఫ్యాను ఆపి నిలబడ్డాను. సైకిలు దొరికింది. నువ్వు ఎత్తిపెట్టినప్పుడు అది ముఖం మీదే ఉండేది. ఇప్పుడు బస్సు వెనక ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది.

నర్సమ్మ నిన్న వెళ్లిపోయింది. వంటింట్లో తన గిన్నె ఒకటి నాకు వదిలేసి నాది ఒకటి పట్టుకెళ్లింది. నేను సెలవు పెట్టాను. టీచరుతో రోజూ రోడ్డు మీదికి వెళ్తున్నాను. ఇప్పటిదాకా పమిట లాగలేదు.

వచ్చే బుధవారం నుంచి పనిలోకి. ఆ రోజు నేనొక్కదాన్నే దాటాలి. టీచరు కూడా ఉండదు.

నువ్వు రాకు.

పెద్దక్క


బస్టాండు, మూడో ప్లాట్‌ఫారం
బుధవారం మధ్యాహ్నం

పెద్దక్కా,

వచ్చాను.

నువ్వు రాకన్నావు. రాకుండా ఉండలేకపోయాను. తెల్లారే బస్సు దిగి, ఆసుపత్రి వైపు మందుల కొట్టు మెట్ల మీద నిలబడ్డాను. నీ గొట్టానికి అందనంత పక్కగా. నిన్ను పిలవకూడదని, దగ్గకూడదని, జేబు రుమాలు నోట్లో కుక్కుకున్నాను. కొట్టు ఆయన పన్ను నొప్పా అనడిగాడు. అవునన్నాను, మాత్ర ఇచ్చాడు. వేసుకున్నాను కూడా.

నువ్వు బూడిదరంగు చీర కట్టుకుని మూల మీదికి వచ్చావు. కర్ర కొన అంచుకు ఆనించి నిలబడ్డావు. నేను చూసిన అక్క కాదు, చెట్టులాగా నిలబడ్డావు. బస్సు వెళ్లింది. లారీ వెళ్లింది. రెండు స్కూటర్లు వెళ్లాయి. తర్వాత రోడ్డు ఖాళీ. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఖాళీ. నువ్వు కదల్లేదు. ఇంకెప్పుడు దాటుతావు అనుకున్నాను. మళ్లీ బండ్లు వచ్చాయి, మళ్లీ ఖాళీ అయింది. నువ్వు కదల్లేదు. జనం నిన్ను తప్పుకుని పోతున్నారు, ఒకడు నీ భుజం తగిలి తిట్టుకుంటూ పోయాడు.

మూడోసారి బస్సు ఒకటి వచ్చి నీ పక్కన ఆగింది. అటు ఎవరూ లేరు, ఇటు ఎవరూ లేరు. ఇదే అదను. నోట్లో రుమాలు తీసేశాను అక్కా. "ఇప్పుడు దాటు" అని అరవడానికి ఊపిరి పీల్చాను. నా గొంతు వింటే నువ్వు దాటేస్తావని తెలుసు. చిన్నప్పటి నుంచి నా గొంతు నీకు తెలుసు.

ఏమైందో తెలియదు. నోరు తెరిచాను గాని మాట బయటికి రానివ్వలేదు. నీ మణికట్టు గుర్తొచ్చిందేమో.

ఆగి ఉన్న బస్సు చాటునుంచి బ్యాటరీతో నడిచే సామాను బండి ఒకటి బయటికొచ్చింది. చప్పుడే లేదు. నీ ముందునుంచి, నువ్వు అడుగు వేస్తే ఎక్కడ ఉండేదానివో సరిగ్గా అక్కడి నుంచి పోయింది. డ్రైవరు ఫోన్ మాట్లాడుతున్నాడు. నిన్ను చూడనేలేదు.

అది పోయాక నువ్వు ఇంకాసేపు నిలబడ్డావు. తర్వాత కర్ర ముందుకు జరిపి, తిన్నగా, తొందర లేకుండా, నీళ్లబిందె ఎత్తుకున్నదానిలా దాటావు. గేటు దగ్గర కాపలాదారు నీకు సలాం కొట్టాడు. నువ్వు వాడితో ఏదో అన్నావు, వాడు నవ్వాడు. లోపలికి వెళ్లిపోయావు.

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆయన ఇంకో మాత్ర ఇచ్చాడు.

నేను అరిచి ఉంటే? అదే ఆలోచిస్తున్నాను. ఈ బస్టాండులో ప్రతి బస్సూ నన్ను అదే అడుగుతోంది. ఇంత దూరం వచ్చి నీకు మళ్లీ అదే పని చేసి ఉండేవాణ్ణి. కానీ ఒక్క సంగతి చెప్పు అక్కా, బతిమాలుతున్నాను. రెండు కళ్లతో చూస్తున్న నాకు కనపడలేదు, చెవుల పని చేసే నాకు వినపడలేదు. ఆ బండి నీకెలా వినపడింది? అది చెబితే నేను నిద్రపోతాను. ఇక ఎప్పుడూ రమ్మనను.

బస్సు కదులుతోంది. ఇక్కడి పోస్టు పెట్టెలోనే వేస్తున్నాను.

చిన్నోడు


మేడ మీది గది
శనివారం

చిన్నోడికి,

ఆశీస్సులు.

నువ్వు వచ్చినట్టు నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది. తెలిసి ఉంటే ఒక చెవి నీ వైపు పెట్టేదాన్ని. అరవనందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. నీకూ చెబుతున్నాను. అది చిన్న పని కాదు.

నువ్వు అడిగినదానికి నీకు నచ్చే జవాబు నా దగ్గర లేదు. ఆ బండి నాకు వినపడలేదు. నువ్వు రాసేదాకా అక్కడ ఒక బండి ఉందని కూడా తెలియదు. బస్సు ఆగి ఇంజను మోగుతోంది. దాని వెనక ఏముందో తెలియలేదు, నమ్మకం కుదరలేదు, ఆగాను. అంతే. తెలియనప్పుడు ఆగమని టీచరు నేర్పింది. వినడం కంటే ముందు అదే నేర్పింది.

నిద్ర పట్టేలా ఏదైనా కలిపి రాయవచ్చు. రాయను.

ఇంకొకటి. ఉదయం దాటింది చూసి నువ్వు బస్సెక్కావు. సాయంత్రం నేను మళ్లీ ఇటు దాటాలి కదా. అప్పటికి వాన పట్టుకుంది. తడి రోడ్డు మీద చక్రాలన్నీ ఒక్కలాగే మోగాయి, ఏది దగ్గరో ఏది దూరమో విడదీయలేకపోయాను. గొడుగు తెరిస్తే దాని మీద చినుకులే వినపడుతున్నాయి, మూసేశాను. చాలాసేపు తడిశాను. కాపలాదారు రెండుసార్లు వచ్చి దాటించనా అన్నాడు. రెండోసారి సరే అన్నాను. చెయ్యి పట్టుకున్నాడు.

మర్నాడు వాన లేదు. రెండు పూటలా నేనే దాటాను.

ఇవాళ మబ్బు పట్టింది. గొడుగు ఇంట్లో పెట్టి, రెయిన్‌కోటు వేసుకుని బయల్దేరుతున్నాను.

పెద్దక్క